ఒకే చట్టానికి రెండు జవాబులా?

1961 జులై చివర్లో నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టులో ఒక దావా పడింది. అందులో ప్రతివాది తులశమ్మ. 1931లో, కుటుంబం ఇంకా ఉమ్మడిగా ఉండగానే, ఆమె భర్త చనిపోయాడు. ఆస్తి భర్త సవతి సోదరుడి చేతికి వెళ్లింది. పదమూడేళ్ల తర్వాత, 1944లో, కోర్టు ఫీజు కట్టే స్తోమత కూడా లేక పాపర్ దావాగా మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. డిక్రీ వచ్చింది. దాని అమలు నడుస్తుండగా 1949లో రాజీ కుదిరింది. మనోవర్తి కింద కొంత ఆస్తి ఆమెకు ఇస్తారు. బతికినంతకాలం అనుభవించవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి చట్టానికి ముందు వచ్చినా, తర్వాత వచ్చినా దానికి ఆమే పూర్తి యజమాని అని 14వ సెక్షన్ మొదటి భాగం చెప్పింది. రెండో భాగం ఒక మినహాయింపు పెట్టింది. దానం, వీలునామా, డిక్రీ వంటి పత్రం ద్వారా ఆస్తి వచ్చి, ఆ పత్రమే హక్కుకు హద్దు గీస్తే ఆ హద్దే నిలుస్తుందంది. తులశమ్మ 1960లో కొంత ఆస్తి లీజుకిచ్చి, 1961లో కొంత అమ్మింది. ఆమెకున్నది జీవితకాలపు హక్కే కనుక ఇవేవీ చెల్లవంటూ భర్త సోదరుడు దావా వేశాడు. మున్సిఫ్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. జిల్లా జడ్జి తులశమ్మ పక్షాన ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ ఆయనదే న్యాయమంది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు హక్కు తులశమ్మదే అని తేల్చింది. అందరి ముందూ ఉన్నది అదే రాజీ పత్రం, అందరూ చదివింది అదే సెక్షన్. మెట్టు మెట్టుకూ జవాబు మారింది.

కింది కోర్టులు చట్టం తెలియక తడబడ్డాయని అనుకోవడానికి లేదు. అప్పటికి ఈ సెక్షన్ మీద దేశంలోని హైకోర్టులే రెండు దారుల్లో నడుస్తున్నాయి. మనోవర్తి కింద పొలం దక్కిన వితంతువు ఒక రాష్ట్రంలో దానికి యజమాని. పక్క రాష్ట్రంలో అలాంటి పత్రంతోనే అలాంటి పొలం పొందిన వితంతువు చనిపోయేదాకా కాపలాదారు మాత్రమే. సెక్షన్ రాసిన తీరు కక్షిదారులకు గందరగోళమూ వకీళ్లకు పండగా తెచ్చిపెట్టిందని జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ తీర్పులో నిష్ఠూరమాడారు. జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ విడిగా, ఎంతో శ్రమపడి, హిందూ ధర్మశాస్త్రాల దగ్గర నుంచి మనోవర్తి హక్కు చరిత్రను తవ్వి రాశారు. సారం ఇది: మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అది భార్యకు ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తికి పత్రంలో ఎన్ని షరతులు రాసుకున్నా 1956 చట్టం వాటిని తుడిచేస్తుంది.

1944లో మొదలైన కథకు 1977లో ముగింపు. ముప్పై మూడేళ్లు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. అయినా ఆ తీర్పు విలువ తులశమ్మకు దక్కిన పొలంతో కొలిచేది కాదు. ఆ రోజు నుంచి శ్రీకాకుళంలోనైనా, బీదర్‌లోనైనా, పట్నాలోనైనా మనోవర్తి కింద ఆస్తి పొందిన స్త్రీకి ఒకే జవాబు చెప్పగలిగే స్థితి దేశానికి వచ్చింది. అత్యున్నత అప్పీలు కోర్టు ఉన్నది ఇందుకే. ఒక్కో కేసులో తప్పు దిద్దడం హైకోర్టు కూడా చేస్తుంది, జిల్లా జడ్జి కూడా చేస్తారు. దేశమంతటికీ చట్టం ఒకే మాట చెప్పేలా చూడటం మాత్రం ఒక్క కోర్టుకే సాధ్యం. సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణంలో రాసుకున్నది అందుకే.

ఈ ఏర్పాటు తెలుగువారికి ఒకే దారిలో రాలేదు. కోస్తా, రాయలసీమ కక్షిదారులకు మద్రాసు హైకోర్టు పైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఉండేది. 1833 నాటి చట్టంతో ఏర్పడిన దాని జ్యుడీషియల్ కమిటీ ముందు మన జమీందారీల వ్యాజ్యాలు చాలానే నడిచాయి. భాగాలు పంచడానికి వీల్లేని జమీందారీని చేతిలో ఉన్నవాడు వీలునామాతో మరొకరికి రాసివ్వవచ్చా అన్న ప్రశ్నకు 1899లో పిఠాపురం కేసులో అక్కడే జవాబు వచ్చింది. తెలంగాణ కక్షిదారుల దారి వేరు. హైదరాబాద్ సంస్థానంలో హైకోర్టు పైన నిజాం జ్యుడీషియల్ కమిటీ ఉండేది. 1950లో రాజ్యాంగం అమల్లోకి రావడంతో 374వ అధికరణం ఆ కమిటీ అధికారానికి తెరదించి, దాని దగ్గర పెండింగులో ఉన్న అప్పీళ్లను ఢిల్లీకి పంపింది. మద్రాసు దారీ హైదరాబాద్ దారీ ఒకే గుమ్మం దగ్గర కలిసింది అప్పుడే.

ప్రివీ కౌన్సిల్ గురించి ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. తండ్రి చేసిన అప్పుకు ఉమ్మడి ఆస్తి ఎంతవరకు బాధ్యత వహించాలన్న ప్రశ్న మీద 1917లో అది ఇచ్చిన ఒక తీర్పు ఇక్కడి హైకోర్టులను అయోమయంలో పడేసింది. చట్టం ఏమిటో ఇల్లు తాకట్టు పెట్టించుకున్న షావుకారుకూ తెలియదు, తండ్రి అప్పు నెత్తిన పడ్డ కొడుక్కీ తెలియదు. 1923లో బ్రిజ్ నారాయణ్ కేసులో ప్రివీ కౌన్సిల్ తన పాత మాటను తానే సరిచూసుకుని, విషయాన్ని ఐదు సూత్రాలుగా విడమరిచి చెప్పింది. ఆ ఐదు సూత్రాలు తరాల తరబడి మున్సిఫ్ కోర్టుల్లో వల్లెవేసిన పాఠమయ్యాయి. తాను పుట్టించిన గందరగోళాన్ని తానే ఆరేళ్లలో చక్కదిద్దుకోవడం గౌరవించాల్సిన పని. పరాయి దేశపు కోర్టు, సముద్రాల అవతల కూర్చుని, ఓడల్లో వెళ్లిన కాగితాలతో చేసిన పని అది.

మరి ఢిల్లీలోని మన కోర్టు ఈ పని ఎలా చేస్తోంది? ఆడపిల్లల ఆస్తి హక్కు కథ చూస్తే బాగా తెలుస్తుంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కునిచ్చిన తొలి రాష్ట్రం మనదే. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే ఇంట్లో అక్కకు 1984లో పెళ్లయితే ఏమీ లేదు, చెల్లెలికి 1986లో అయితే తమ్ముడితో సమాన వాటా. శుభలేఖ మీది ముహూర్తం ఎకరాల లెక్క తేల్చేది.

2005లో కేంద్రం చట్టాన్ని సవరించి ఆ తేడా తీసేసింది. సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా కూతురు పుట్టుకతోనే హక్కుదారు. అంతకుముందు, 2004 డిసెంబర్ 20 లోపు సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదిలించకూడదు. చట్టం చదివితే తేటగానే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సవరణ నాటికి తండ్రి చనిపోయి ఉంటే? 2015 అక్టోబర్‌లో ప్రకాశ్–ఫూలవతి కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ రోజుకు తండ్రీ కూతురూ ఇద్దరూ బతికి ఉంటేనే హక్కు అంది. 2018 ఫిబ్రవరి 1న దనమ్మ కేసులో మరో ఇద్దరు న్యాయమూర్తులు, 2001లోనే తండ్రి పోయిన కూతుళ్లకు వాటా ఇచ్చారు. పోనీ అక్కడితో దారి మళ్లిందా అంటే, మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్‌లో మంగమ్మాళ్ కేసులో ఇంకో ఇద్దరు న్యాయమూర్తులు మళ్లీ ఫూలవతి బాటే పట్టారు.

ఈ మూడు తీర్పుల నడుమ ఒక పార్టిషన్ దావా ఎలా నడిచేదో ఊహించుకోవాలి. తండ్రి 2003లో పోయాడు. చెల్లెలు దావా వేసింది. అన్నగారి వకీలు ఫూలవతి తీర్పు పట్టుకొస్తాడు. చెల్లెలి వకీలు దనమ్మ తీర్పు పట్టుకొస్తాడు. రెండూ సుప్రీంకోర్టువే, రెండూ ఇద్దరు జడ్జీలవే, రెండిటికీ 141వ అధికరణం ఒకే బరువు ఇస్తుంది. జిల్లా జడ్జి ఏది తీసుకున్నా తప్పనలేం, ఏది తీసుకున్నా అప్పీలు తప్పదు. ఈలోగా పొలం ఎవరి స్వాధీనంలో ఉంటే పంట వారిది. చాలా ఇళ్లలో అది అన్నగారే. చట్టం ఏమిటో తేలనంతకాలం ఆ అనిశ్చితి ఆస్తి చేతిలో ఉన్నవాడికే కౌలు కడుతుంది. రెండు ధర్మాసనాల మధ్య అభిప్రాయభేదం అని న్యాయశాస్త్ర పుస్తకాల్లో మర్యాదగా రాసేదానికి ఊళ్లో అర్థం ఇదీ.

ఢిల్లీ హైకోర్టు ఈ వైరుధ్యాన్ని గుర్తించి, అప్పీలుకు తగిన కేసని ధ్రువీకరించి పంపగా, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ముడి విప్పారు. జస్టిస్ అరుణ్ మిశ్రా, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా. హక్కు పుట్టుకతో వచ్చింది కనుక 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామంటే, గట్టి ప్రభుత్వ పత్రాల ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప చెల్లదు. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ అయిపోయినా, పంపకం ముగించే ఫైనల్ డిక్రీ కాకముందు కూతుళ్ల వాటా చేర్చవచ్చు. పెండింగ్ కేసులను వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చమని కూడా ఆ తీర్పు కోరింది. ఈ చివరి మాటలోనే జరిగిన నష్టం ఎంతో కోర్టుకు తెలుసన్న సంగతి కనిపిస్తుంది. ఫూలవతి నుంచి వినీతా శర్మ దాకా దాదాపు ఐదేళ్లు.

ఇందులో మనసు నొప్పించే విషయం మరొకటి ఉంది. ప్రిలిమినరీ డిక్రీ అంశం మీద దారి మన తెలుగు కేసులే ఏనాడో వేశాయి. ఎన్టీఆర్ ప్రభుత్వ సవరణపై 1991లో సాయిరెడ్డి–నారాయణరెడ్డి కేసులో, ఆ తర్వాత 2005 చట్టంపై 2011లో గండూరి కోటేశ్వరమ్మ కేసులో, ఫైనల్ డిక్రీ దాకా పంపకం ముగిసినట్టు కాదని, మధ్యలో చట్టం మారితే ఆడపిల్లలకు ఆ మేలు దక్కాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2011 కేసులో ప్రిలిమినరీ డిక్రీ 1999లోనే వచ్చింది. అక్కాచెల్లెళ్లు అడిగిన వాటా ట్రయల్ కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. ఇంత చక్కటి బాట ముందే ఉండి కూడా 2015 తర్వాత ఆడపిల్లలు మళ్లీ ముళ్లపొదల్లో నడవాల్సి వచ్చింది.

ఆస్తి లేనివారికి ఈ గొడవ పట్టదని అనుకోకూడదు. రోడ్డు ప్రమాదంలో ఇంటి పెద్ద పోతే వచ్చే పరిహారం కూడా ఇలాగే ఊగిసలాడింది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి ఎన్ని రెట్లు లెక్కించాలో పట్టిక వేసింది. ప్రభుత్వ ఉద్యోగి, స్థిరమైన ఉద్యోగం ఉన్నవాడు చనిపోతే అతని ఆదాయం ముందుముందు పెరిగేదని కొంత కలపమంది. సొంతంగా పని చేసుకునేవాడికి అరుదుగా తప్ప అలా కలపనక్కర్లేదంది. 2013 ఏప్రిల్ 2న రేష్మా కుమారి కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దీన్ని సమర్థించారు. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 12న, రాజేశ్–రాజ్‌బీర్ సింగ్ కేసులో మరో ముగ్గురు న్యాయమూర్తులు, సొంత పని చేసుకునేవారికీ కలపాలన్నారు. పది రోజుల ముందు పక్క గదిలో వచ్చిన తీర్పు వారి దృష్టికే రాలేదు.

దీని ధర ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పై ఐదేళ్ల తాపీమేస్త్రీ. నెలకు సగటున 10,000 రూపాయల సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాదికి 1,20,000. నలుగురు ఆధారపడ్డవారు కనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 90,000 మిగిలింది. ఆ వయసుకు పట్టికలో 16 రెట్లు. మొత్తం 14,40,000. ఇప్పుడు భవిష్యత్ ఆదాయం కింద, తర్వాత ఖరారైన రేటు ప్రకారం, 40 శాతం కలిపి చూడండి. ఏడాది ఆదాయం 1,68,000 అవుతుంది. నాలుగో వంతు పోగా 1,26,000. పదహారు రెట్లు చేస్తే 20,16,000. తేడా 5,76,000 రూపాయలు. ఒక పిల్ల ఇంజనీరింగ్ చదువో, ఒక పిల్లవాడు బడి మానేసి పనిలో చేరడమో ఈ తేడాలో ఉంది. ట్రిబ్యునల్ జడ్జి ఏ తీర్పును ముందు చదివారన్న దాన్ని బట్టి ఆ కుటుంబం గతి మారడం ఏ విధంగానూ న్యాయం కాదు.

2017 అక్టోబర్ 31న ప్రణయ్ సేఠి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చింది. సొంత పని చేసుకునేవారికి నలభై ఏళ్లలోపైతే 40 శాతం, నలభై నుంచి యాభై దాకా 25, యాభై నుంచి అరవై దాకా 10 శాతం కలపాలి. అంత్యక్రియలకు 15,000, ఎస్టేట్ నష్టానికి 15,000, జీవిత భాగస్వామిని కోల్పోయినందుకు 40,000. ఈ మొత్తాలు మూడేళ్లకోసారి పది శాతం పెంచాలి. ఇవాళ ఏ పట్నంలోని మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లినా గుమాస్తా కూడా ఈ లెక్క వేసి చెప్పగలడు. లోక్ అదాలత్‌లో రాజీ మాట్లాడుకునేటప్పుడు బీమా కంపెనీ వకీలూ, బాధితుల వకీలూ ఒకే కాగితం ముందేసుకుని కూర్చోగలుగుతున్నారు. పెద్ద కోర్టు స్పష్టంగా ఒక మాట చెబితే కింద ఎన్ని వేల కేసులు అప్పీలు దాకా పోకుండానే తీరిపోతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయినా ఆ స్పష్టతకు నాలుగున్నరేళ్లు పట్టింది.

భూసేకరణ విషయంలో జరిగింది ఇంకా బాధాకరం. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 24వ సెక్షన్, పాత చట్టం కింద అవార్డు ప్రకటించి ఐదేళ్లు దాటినా భూమి స్వాధీనం చేసుకోకపోయినా, పరిహారం చెల్లించకపోయినా ఆ సేకరణ రద్దవుతుందంది. అదే నెల 24న పుణె మునిసిపల్ కార్పొరేషన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు, డబ్బు ప్రభుత్వ ఖజానాలో వేసుకుంటే చెల్లించినట్టు కాదన్నారు. రైతులకు అనుకూలంగా ఆ తీర్పు మీద నాలుగేళ్లపాటు దేశమంతా కేసులు తేలాయి. 2018 ఫిబ్రవరి 8న ఇండోర్ కేసులో మరో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఆ తీర్పే చట్టం చూడకుండా ఇచ్చిందన్నారు. ఫిబ్రవరి 21న ఇంకో ముగ్గురు, ఇలాంటి కేసులు తేల్చకుండా ఆగమని హైకోర్టులను కోరారు. చివరకు 2020 మార్చి 6న రాజ్యాంగ ధర్మాసనం పుణె తీర్పును కొట్టేసింది. సెక్షన్‌లోని 'లేదా' అన్న మాటను 'మరియు' అని చదవాలంది. స్వాధీనమూ జరగక, పరిహారమూ అందకపోతేనే సేకరణ రద్దు. ఈ వ్యాఖ్యానం మీద భిన్నాభిప్రాయం ఉండవచ్చు, ఉంది కూడా. కానీ 2016లో తీర్పు పొందిన రైతు భూమి నిలబెట్టుకున్నాడు. అదే ఊళ్లో, అదే నోటిఫికేషన్ కింద, కేసు 2020 దాకా సాగిన రైతు పోగొట్టుకున్నాడు. వాయిదాలు ఎవరికి ముందు పడ్డాయన్నదే వాళ్లిద్దరికీ తేడా.

సమాన ధర్మాసనం సమాన ధర్మాసనాన్ని కాదనకూడదన్న నియమం కోర్టుకు లేక కాదు. 2004 డిసెంబర్‌లో దావూదీ బోహ్రా కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఈ సంగతి విస్పష్టంగా చెప్పారు. ముందు తీర్పుతో ఏకీభవించలేకపోతే విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టి పెద్ద ధర్మాసనానికి పంపాలి. నియమం ఉంది, క్రమశిక్షణ సడలింది. సడలడానికి కారణం కోర్టు కట్టుకున్న రూపంలోనే ఉంది. 1950లో ఎనిమిది న్యాయమూర్తి పదవులతో మొదలైనప్పుడు అందరూ కలిసి కూర్చుని కేసులు వినేవారు. ఒకరు చెప్పింది మరొకరికి తెలియకపోవడం అసాధ్యం. ఇప్పుడు 34 మంది, ఎక్కువ భాగం ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతి పిటిషన్లు వెల్లువలా వస్తాయి. అద్దె ఖాళీ చేయించే కేసు, సరిహద్దు గట్టు కేసు, ప్రమోషన్ తేదీ కేసు, అన్నీ ఢిల్లీకే.

నిజానికి చట్టం ఉద్దేశం ఇది కాదు. సివిల్ అప్పీలుకు ఒకప్పుడు 20,000 రూపాయల విలువ ఉంటే చాలన్న నిబంధనను 1972 నాటి ముప్పయ్యో రాజ్యాంగ సవరణ తీసేసి, సర్వజన ప్రాముఖ్యం గల ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే అప్పీలు అంది. హైకోర్టులో రెండో అప్పీలుకు కూడా 1976లో అలాంటి హద్దే పెట్టారు. ముందు గుమ్మానికి ఇంత గట్టి తలుపు పెట్టి, 136వ అధికరణం అనే పక్క తలుపును బార్లా తెరిచి ఉంచారు. ఆ తలుపుకు కొలతలు పెట్టాలా వద్దా అన్న ప్రశ్నను 2010లో ఒక ధర్మాసనం పైకి పంపింది. 2016 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనం కొలతలు పెట్టడానికి నిరాకరించింది. అన్యాయం జరిగిన చోట చేయి కట్టేసుకోకూడదన్న ఆ ఆలోచనను తేలిగ్గా కొట్టిపారేయలేం. తులశమ్మ ఢిల్లీ దాకా వెళ్లలేకపోతే ఏమయ్యేదో ఆలోచిస్తే భయమే వేస్తుంది. అయితే ప్రతి గడపా తొక్కే కోర్టుకు ఏ గడప దగ్గరా నిలబడే తీరిక ఉండదు. తులశమ్మ కేసుకు జస్టిస్ ఫజల్ అలీ పెట్టినంత శ్రమ, రోజుకు అరవై డెబ్బై పిటిషన్లు తిరగేసే ధర్మాసనం ఎక్కడ పెట్టగలదు?

ఇతర దేశాలు దీన్ని వేర్వేరుగా ఎదుర్కొన్నాయి. ఫ్రాన్స్ 1790లోనే, విప్లవం వేడిలో, చట్టానికి దేశమంతా ఒకే అర్థం ఉండేలా చూడటానికే ఒక కోర్టు పెట్టుకుంది. వాస్తవాల జోలికి పోకుండా, కింది కోర్టు చట్టం తప్పు చదివితే తీర్పు కొట్టేసి తిరిగి పంపడమే దాని పని. మనకు మరింత పనికొచ్చేది జర్మనీ పద్ధతి. కార్ల్స్‌రూ నగరంలోని వారి ఫెడరల్ కోర్టులో సివిల్ కేసులకు చాలా ధర్మాసనాలున్నాయి. ఒక ధర్మాసనం మరొక ధర్మాసనం చెప్పినదాన్ని కాదనదలిస్తే ముందు దాన్నే అడగాలి: మీ మాట మీదే ఉన్నారా అని. అవునంటే విషయం నేరుగా మహా ధర్మాసనానికి పోతుంది. కాదని తీర్పు రాసేసే వీలే చట్టం ఇవ్వదు. మనకు నియమం మన తీర్పుల్లో ఉంది, వాళ్లకు చట్టంలోనే ఉంది. అదే తేడా.

మన దగ్గరా ఆలోచనలకు కొదవలేదు. జాతీయ అప్పీలు కోర్టు కావాలని 1986లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో సూచించింది. 2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో ఢిల్లీలో రాజ్యాంగ ధర్మాసనం ఉంచి, మామూలు అప్పీళ్లకు నాలుగు ప్రాంతాల్లో బెంచ్‌లు పెట్టమంది. దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ పేరు రాసింది. హైదరాబాద్‌లో బెంచ్ వస్తే ఆదిలాబాద్ రైతుకూ, అనంతపురం వితంతువుకూ రైలు టిక్కెట్టు, ఢిల్లీ వకీలు ఫీజు మిగులుతాయన్నది నిజం. దూరం తగ్గడం చిన్న మేలు కాదు. కానీ ఈ వ్యాసంలోని బాధకు అది ఒక్కటే మందు కాదు. ఒకే భవనంలో కూర్చుని, పక్క గదిలో పది రోజుల క్రితం వచ్చిన తీర్పు చూసుకోని కోర్టు, నాలుగు నగరాల్లో కూర్చుంటే నాలుగు గొంతులతో మాట్లాడే ప్రమాదం ఎక్కువ. ప్రాంతీయ బెంచ్‌లు రావాలంటే వాటి మధ్య తేడా వచ్చిన మరుక్షణం తీర్చే శాశ్వత ధర్మాసనం ముందు రావాలి.

అప్పటిదాకా చేయగలిగినవి ఉన్నాయి, వాటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. రెండు ధర్మాసనాల మధ్య సివిల్ చట్టంపై వైరుధ్యం తేలిందంటే దాన్ని విస్తృత ధర్మాసనం ముందు పెట్టడానికి ఆరు నెలల గడువు పెట్టుకోవచ్చు. ఆస్తి, వారసత్వం, పరిహారం, భూమి వంటి అంశాలకు ఏడాది పొడవునా కూర్చునే ఐదుగురి ధర్మాసనం ఒకటి ఉంచవచ్చు. పాత మాటను కొట్టేసేటప్పుడు, దాని మీద ఆధారపడి ఇప్పటికే తేలిపోయిన కేసుల సంగతేమిటో ప్రతిసారీ తీర్పులోనే చెప్పాలి. 2023 జనవరి నుంచి తీర్పులన్నీ ఉచితంగా ఆన్‌లైన్‌లో వెతుక్కునే సౌకర్యం వచ్చింది. 2019 నుంచి కొన్ని తీర్పులు తెలుగులోనూ అనువాదమవుతున్నాయి. పక్క గదిలో ఏం చెప్పారో తెలియలేదన్న మాటకు ఇక తావుండకూడదు.

మళ్లీ తులశమ్మ దగ్గరికే రావాలి, ఎందుకంటే ఆ కేసు లేవనెత్తిన ప్రశ్న ఇంకా ముగియలేదు. 1977 తర్వాత కూడా 14వ సెక్షన్ మీద ధర్మాసనాలు దారులు మార్చుకున్నాయి. 2006లో సాధూసింగ్ కేసులో, భర్త వీలునామాలో భార్యకు జీవితకాలపు హక్కే రాస్తే అదే చెల్లుతుందన్నారు. ఆ తర్వాతి తీర్పుల్లో కొన్ని తులశమ్మ వైపు, కొన్ని సాధూసింగ్ వైపు మొగ్గాయి. చివరకు 2024 డిసెంబర్ 9న, తెలుగువాడైన జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సందీప్ మెహతా తేజ్ భాన్ కేసులో, ఈ రెండు ధోరణుల్లో ఏదో ఒకదాన్ని తామే ఎంచుకోకుండా, తేల్చాల్సింది పెద్ద ధర్మాసనమేనని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. దనమ్మ, మంగమ్మాళ్ నాటి ధర్మాసనాలు చేయనిది వాళ్లు చేశారు. ఆ విస్తృత ధర్మాసనాన్ని కూర్చోబెట్టడంలో, తీర్పు చెప్పించడంలో ప్రధాన న్యాయమూర్తి ఆలస్యం కానివ్వకూడదు. నెల్లూరు కోర్టులో ఆ ప్రశ్న మొదట పడి అరవై ఏళ్లు దాటింది.